సామాన్యుడి ముంగిట సమాచార సాంకేతిక విజ్ఞానం



సమాచార సాంకేతిక విజ్ఞానం సామాన్యుడికి అందాలి, అదీ అతను భరించగలిగే ఖర్చులో అందాలి అని వర్ధమాన దేశాలన్నీ చాలాకాలంగా అంటున్నాయి. ఐక్యరాజ్యసమితికి చెందిన బ్రాడ్‌బాండ్ కమిషన్ 2018లో దీనికొక కొలత కూడా పెట్టింది. 2025 నాటికి ఆ దేశాల్లో కనీస స్థాయి ఇంటర్నెట్ ఖర్చు తలసరి నెల ఆదాయంలో రెండు శాతం మించకూడదన్నది ఆ కొలత. మంచిదే. కాని తలసరి ఆదాయమంటే కలిగినవారినీ లేనివారినీ కలిపి తీసిన సగటు. పరాయి చేలో కలుపు తీసే మనిషి, షోలాపూరులో బీడీలు చుట్టే తల్లి ఆ సగటుకు ఎంతో దిగువన ఉంటారు. సగటు మనిషికి చౌక అయినది వారికి చౌక కాదు.

అందుచేత ఈవేళ ఒక చిన్న ప్రశ్న వేసుకుందాం. చౌక అంటే ఏమిటి? యంత్రం ధర తగ్గితే చాలునా? లేక మనకు కావలసిన కబురు మన చెవికి చేరేదాకా అయ్యే ఖర్చంతా లెక్కలోకి రావాలా? బస్సు చార్జీ, ఆనాటికి పోయిన కూలి, కాగితం చదివి చెప్పినవాడికి ఇచ్చుకున్న టీ డబ్బులు, సరిగా అర్థం కాక జరిగిన నష్టం, ఇవన్నీ ఖర్చులే కదా!

ముందు యంత్రం ధర సంగతి చూద్దాం. మన దేశంలో ఈ దిశగా జరిగిన మంచి ప్రయత్నాల్లో ఒకటి సింప్యూటర్. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యులు, అదే నగరంలోని ఎన్‌కోర్ అనే సంస్థ ఇంజినీర్లు కలిసి దీన్ని రూపొందించారు. 2001లో దాని నమూనా లోకానికి చూపించారు. అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటరు. కీబోర్డు లేదు, తెర మీద పుల్లతో తాకితే పనిచేస్తుంది. రాసివున్నది పైకి చదివి వినిపిస్తుంది. ధర తొమ్మిది వేల రూపాయల దరిదాపులో ఉండాలని వారి సంకల్పం. ఆ రోజుల్లో పల్లెటూరి కుటుంబానికి అది కూడా ఎక్కువే. అందుకని ఒక ఉపాయం ఆలోచించారు. ఊరికొక యంత్రం, మనిషికొక చిన్న కార్డు. ఎవరి కార్డు వారు తెచ్చి పెడితే వారి వివరాలు వారికి కనిపిస్తాయి. ఆలోచన గొప్పది. కాని 2004లో అది బజారులోకి వచ్చేనాటికి సెల్‌ఫోన్ల ధరలు దిగుతున్నాయి. ఆశించినన్ని సింప్యూటర్లు అమ్ముడుపోలేదు.

ఆ తరువాత 2011లో ఆకాశ్ అనే పలక వచ్చింది. విద్యార్థుల కోసం ప్రభుత్వం సుమారు 2,250 రూపాయలకు కొన్న పలక అది. ప్రపంచంలోకెల్లా చౌకైన టాబ్లెట్ అని పేరు మోగింది. తీరా చేతికి వచ్చాక తాకితే సరిగా పలకదని, ఛార్జింగు నిలవదని ఫిర్యాదులు వచ్చాయి. రెండు రోజులు వాడి మూలన పెట్టే వస్తువు ఎంత తక్కువకు వచ్చినా చౌక అనిపించుకోదు.

ఇక దీనికి పూర్తిగా భిన్నమైన దారి ఒకటుంది. అది పంచుకుని వాడుకునే దారి. 1984లో కేంద్ర ప్రభుత్వం సి-డాట్ అనే సంస్థను నెలకొల్పింది. అక్కడి ఇంజినీర్లు గ్రామాల కోసం చిన్న టెలిఫోన్ ఎక్స్‌ఛేంజి తయారుచేశారు. ఆ తరహా ఎక్స్‌ఛేంజి మొట్టమొదట పెట్టింది మన పక్కనే, కర్ణాటకలోని కిత్తూరులో, 1986లో. దాని గొప్పదనం ఏమిటో తెలుసా? దానికి ఎయిర్‌కండిషన్ గది అక్కరలేదు. విదేశాల నుంచి తెచ్చిన యంత్రాలు చల్లని గదిలో తప్ప పనిచేసేవి కావు. మన ఎండకు, మన దుమ్ముకు తట్టుకునేలా చేసినందువల్ల ఆ ఒక్క గది ఖర్చు, ఆ గదికి కావలసిన కరెంటు ఖర్చు మిగిలాయి. దాని వెనకే పసుపుపచ్చ బోర్డుల ఎస్టీడీ బూతులు వెలిశాయి. ఇంటికి ఫోను లేకపోయినా వీధి చివర ఫోను ఉండేది. మాట్లాడినంతసేపటికే డబ్బు. వికలాంగులకు, నిరుద్యోగులకు అదొక జీవనాధారం కూడా అయింది. బంగ్లాదేశ్‌లో 1997 నుంచి గ్రామీణ బ్యాంకు సభ్యులైన మహిళలు అప్పు మీద సెల్‌ఫోను తీసుకుని, ఊరివారికి నిమిషాల లెక్కన మాట్లాడుకోనిచ్చి సంపాదించుకున్నది ఇదే పద్ధతిలో. ఫోన్లు ఇంటింటికీ వచ్చాక ఈ రెండూ వెనకబడ్డాయి. అయినా అవి ఉన్నన్నాళ్లు పేదవాడికి అందిన ఫోను అవే.

శ్రోతలారా, ఇప్పుడు పుదుచ్చేరికి వెళదాం. యానాం శ్రోతలకు అది తమ రాజధానే. 1998లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ అక్కడి పల్లెల్లో సమాచార కేంద్రాలు తెరిచింది. విలియనూరులో ప్రధాన కేంద్రం. అక్కడి నుంచి ఊళ్లకు వైర్‌లెస్ ద్వారా కబుర్లు వెళ్లేవి. కరెంటు పోయే చోట సౌర పలకలు పెట్టారు. కేంద్రానికి స్థలం ఊరివాళ్లే ఇవ్వాలి, అన్ని కులాల వారికీ ఆడామగా అందరికీ ప్రవేశం ఉండాలి అన్నది షరతు. నడిపించిన స్వచ్ఛంద కార్యకర్తల్లో చాలామంది ఆడవాళ్లే.

వీరాంపట్టణం అనే మత్స్యకార గ్రామం సంగతి వినండి. అమెరికా నౌకాదళం సముద్రపు అలల ఎత్తు గురించి ముందస్తు అంచనాలు ఇంటర్నెట్‌లో పెడుతుండేది. కేంద్రంలోని వారు వాటిని తీసుకుని, ఆంగ్లంలో ఉన్న ఆ వివరాలను తమిళంలోకి మార్చి, ఒడ్డున పెట్టిన మైకులో చదివేవారు. వేటకు బయలుదేరే జాలరికి కంప్యూటరు ముట్టుకోవలసిన పని లేదు. చదువు రావలసిన పని లేదు. వలలు సర్దుకుంటూ వింటే చాలు, ఈపూట పడవ దించాలో మానాలో తేలిపోతుంది.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చిన రోజు అదే ప్రాంతంలోని నల్లవాడు అనే ఊరికి సింగపూరు నుంచి ఫోను వచ్చింది. అక్కడ పనిచేస్తున్న ఆ ఊరి యువకుడు టీవీలో వార్త చూసి ఇంటికి ఫోను చేశాడు. ఊరివాళ్లు విజ్ఞాన కేంద్రం తలుపు పగలగొట్టి, మైకులో ఊరంతా ఖాళీ చేయమని కేకపెట్టారు. పడవలు పోయాయి, ఇళ్లు పోయాయి. మూడు వేలకు పైగా ఉన్న ఆ ఊరి జనం మాత్రం ప్రాణాలతో బయటపడ్డారు. ఆ కబురు సముద్రం దాటి వచ్చింది ఆధునిక ఫోను మీద. ఊళ్లో ప్రతి గడపకూ చేరింది మాత్రం మైకులోని మాతృభాషలో. ఈ రెండోది లేకపోతే మొదటిది ఒక్క ఇంటి దగ్గరే ఆగిపోయేది.

మహారాష్ట్రలో వారణా అనే చెరకు సహకార సంఘం ఉంది. అక్కడ కూడా 1998లోనే సుమారు 70 గ్రామాలను కంప్యూటర్లతో కలిపారు. ఎన్నో ప్రయోజనాలు ఆశించారు. కొన్నేళ్ల తరువాత పరిశీలిస్తే, రైతులు వాటిని వాడుతున్నది ముఖ్యంగా తమ చెరకు తూకం, బిల్లు తెలుసుకోవడానికే అని తేలింది. ఆ మాత్రం దానికి కంప్యూటరెందుకని, పరిశోధకులు ఏడు గ్రామాల్లో కంప్యూటర్ల స్థానంలో సెల్‌ఫోను సందేశాలతో అదే పని చేసి చూపించారు. ఖర్చు బాగా తగ్గింది, రైతులకూ నచ్చింది. కెన్యాలో 2007లో మొదలైన ఎం-పెసా కూడా ఇంతే. మామూలు ఫోనులోని సందేశాలతోనే అక్కడ జనం డబ్బు పంపుకోవడం నేర్చుకున్నారు. అవసరం ఎంతో చూసి దానికి తగిన యంత్రం ఎంచుకోవాలి గాని, యంత్రం కొని అవసరాన్ని వెతుక్కోకూడదు.

ఇప్పుడు కర్ణాటక శ్రోతలకు బాగా తెలిసిన భూమి పథకం దగ్గరికి వద్దాం. ఒకప్పుడు పహాణీలు చేతిరాత పుస్తకాల్లో ఉండేవి. పుస్తకం ఊరి లెక్కలు చూసే ఉద్యోగి చేతిలో ఉండేది. అలాంటివారు రాష్ట్రంలో సుమారు తొమ్మిది వేలమంది. ఆయన దొరకాలి, ఆయనకు తీరిక ఉండాలి, ఆయన మనసు కరగాలి. 2000 తరువాత తొలి రెండేళ్లలో ఇవన్నీ కంప్యూటరుకు ఎక్కాయి. సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన రెండు కోట్ల రికార్డులు, 177 తాలూకా కేంద్రాలు. మొదట్లో పదిహేను రూపాయలు కడితే నకలు చేతికి వచ్చేది. ఇది చిన్న మార్పు కాదు. బ్యాంకు అప్పుకు, పంట బీమాకు ఆ కాగితమే ఆధారం.

అయినా లెక్క పూర్తిగా వేద్దాం. పదిహేను రూపాయల కాగితం కోసం తాలూకా కేంద్రానికి రానూపోనూ బస్సు ఛార్జీ, ఒక రోజు కూలి పోయేవి. అందుకే తరువాత కాలంలో ఈ సేవలు హోబళి స్థాయి నాడకచేరీల దాకా వచ్చాయి. ఇప్పుడు ఇంటర్నెట్‌లోనూ చూసుకోవచ్చు. దూరం తగ్గింది. ఇక మిగిలింది భాష. పహాణీ కన్నడంలో ఉంటుంది. అది సహజం, అది ఆ రాష్ట్ర భాష. తమిళనాడులో పట్టా తమిళంలో, ఒడిశాలో ఒడియాలో, మహారాష్ట్రలో సాత్‌బారా మరాఠీలో ఉంటాయి. సరిహద్దు జిల్లాల్లో పాతికేళ్ల కుర్రవాడు దాన్ని చదవగలడు, బడిలో నేర్చుకున్నాడు. కాని భూమి ఎవరి పేరిట ఉంది? తరచుగా ఆ కుర్రవాడి అవ్వ పేరిట, తాత పేరిట. వారు ఇంట్లో మాట్లాడేది తెలుగు. చదువుకోలేదు, లేదా చదివింది తెలుగు వాచకం. తన భూమి కాగితంలో ఏముందో ఆమె మరొకరి నోటివెంట వినవలసిందే. చదివేవాడు మంచివాడైతే సరే. కాకపోతే? దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడన్న సామెత పుట్టింది ఇందుకే.

ధర విషయంలో మన దేశం చాలా ముందుకు వచ్చిన మాట నిజం. ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో ఒక జీబీ డేటాకు సగటున 269 రూపాయల దాకా పడేది. 2016 తరువాత కంపెనీల పోటీ వల్ల అది పది రూపాయల దరిదాపులకు దిగింది. అయితే ఒక మెలిక గమనించండి. చాలా రీఛార్జీలకు నెలంటే 28 రోజులే. ఏడాదికి పన్నెండు నెలలు, రీఛార్జీలు మాత్రం పదమూడు! 30 రోజుల ప్యాకు కనీసం ఒకటైనా ఇవ్వాలని 2022లో ట్రాయ్ ఆదేశించింది. డేటా అక్కరలేనివారికి మాటలకు, సందేశాలకు మాత్రమే పనికొచ్చే ప్యాకు ఇవ్వాలని 2024 డిసెంబరులో చెప్పింది. మీ ఇంట్లో పెద్దవాళ్లకు మామూలు ఫోను ఉంటే, రీఛార్జి దుకాణంలో ఈ రెండూ అడగండి. అడగనివారికి ఎవరూ చెప్పరు. స్మార్ట్ ఫోను లేనివారు మామూలు ఫోను నుంచే డబ్బు పంపుకునే యూపీఐ 123పే కూడా 2022 మార్చి నుంచి ఉంది.

ఇంకొక లెక్క ఇంటి లోపలిది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవారు నూటికి 57 మంది ఉంటే, ఆడవారు 33 మందే. ఫోను ఇంట్లో ఉంది, డేటా ఉంది, కాని అది అయ్య జేబులో ఉంది. ఇక్కడ ఏ కంపెనీ ధర తగ్గించినా లాభం లేదు. ఇంటివారే తగ్గాలి.

ఇక మన అసలు విషయం, భాష. కంప్యూటరుకు తెలుగు రాదని అనుకునే రోజులు పోయాయి. 1991లో భారతీయ లిపులకు ఇస్కీ అనే ఉమ్మడి సంకేతావళిని ప్రమాణంగా ఖరారు చేశారు. అదే ఏడాది వెలువడిన యూనికోడ్‌లో తెలుగు చేరింది. మన లిపులన్నీ ఒకే తీరున అమర్చినందువల్ల ఒక చక్కని సౌలభ్యం కలిగింది. తెలుగు 'క' ఉన్న స్థానానికి సరిగ్గా 128 స్థానాల తరువాత కన్నడ 'క' ఉంటుంది. 'గ' కూడా అంతే, 'మ' కూడా అంతే. అందువల్ల తెలుగు మాటను కన్నడ లిపిలో గాని ఒడియా లిపిలో గాని చూపించడం కంప్యూటరుకు క్షణాల పని. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివిన పిల్లవాడు తన తాతకు వచ్చిన తెలుగు సందేశాన్ని తనకు వచ్చిన లిపిలోనే చదువుకోవచ్చు.

2022లో కేంద్ర ప్రభుత్వం భాషిణి అనే కార్యక్రమాన్ని ఆరంభించింది. మనం మాట్లాడితే అక్షరాలుగా మార్చడం, ఒక భాష నుంచి మరొక భాషకు అనువదించడం, పైకి చదివి వినిపించడం దాని పనులు. తెలుగు అందులో ఉంది. కాని అది ఏ తెలుగు? యంత్రానికి తెలిసేది మనం నేర్పిన తెలుగే. పుస్తకాల తెలుగు, వార్తల తెలుగు నేర్పితే అదే వస్తుంది. పావగడ తెలుగు, హోసూరు తెలుగు, సిరొంచ తెలుగు, పర్లాకిమిడి తెలుగు దాని చెవిన పడకపోతే, రేపు మన అవ్వ ఫోనులో మాట్లాడితే అది తెల్లమొహం వేస్తుంది. ప్రజలు తమ గొంతును ఇవ్వడానికి భాషిణిలో భాషాదాన్ అని ఒక ఏర్పాటు చేశారు. మన యువకులు అందులో తమ ఊరి మాట నాలుగు వాక్యాలు చదివి ఇస్తే, అది పైసా ఖర్చు లేని దానం. అయితే ఒక హెచ్చరిక. భూమి సరిహద్దులు, మందు మోతాదులు, అప్పు షరతులు యంత్రం అనువదించి చెప్పినప్పుడు, భాష తెలిసిన మనిషితో మరోసారి సరిచూసుకోవాలి. ఒక్క అంకె తారుమారైతే నష్టపోయేది మనమే.

ఇప్పుడు చట్టం సంగతి ఒకటి చెప్పాలి. మన రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, ఎవరైనా తమ ఫిర్యాదును రాష్ట్రంలో గాని కేంద్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ప్రభుత్వానికి ఇచ్చుకోవచ్చు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల బాగోగులు చూడడానికి ప్రత్యేకాధికారి ఉండాలని 1956లో 350-బి అధికరణం చేర్చారు. ఒక జిల్లాలో గాని, అంతకంటె చిన్న ప్రాంతంలో గాని ఒక భాష మాట్లాడేవారు నూటికి పదిహేను మంది, ఆపైన ఉంటే, ముఖ్యమైన నిబంధనలు, ప్రకటనలు వారి భాషలో కూడా ప్రచురించాలన్న రక్షణ కూడా దశాబ్దాలుగా ఉంది. అది చాలా చోట్ల కాగితం మీదే ఎందుకు ఉండిపోయింది? అనువాదకులు లేరు, అచ్చుకు ఖర్చు, కట్టలు పంపడానికి ఖర్చు అనే జవాబులు వినిపించేవి. ఆ రోజుల్లో ఆ జవాబుల్లో కొంత నిజం ఉండవచ్చు. ఈవేళ ఒక ప్రకటనను తెలుగులో రాయడానికి, ఒక గొంతుతో చదివించి ఫోన్లకు పంపడానికి అయ్యే ఖర్చు ఎంత? పాత సాకు ఇక చెల్లదు. సాంకేతిక విజ్ఞానం మనకు నిజంగా చౌక చేసింది దీన్నే. కాని అది దానంతట అది మన గుమ్మంలోకి రాదు. పంచాయతీలో, గ్రామసభలో అడగాలి, అర్జీ రూపంలో అడగాలి. రాష్ట్ర భాషను మన పిల్లలు శుభ్రంగా నేర్చుకుంటూనే అడగాలి. ఆ భాష మన అన్నం పెట్టే భాష. తెలుగు మన అమ్మ అడిగే భాష. ఒకటి కోసం ఇంకొకటి వదులుకోనక్కరలేదు.

ఆఖరుగా, రేపటి నుంచి చేయదగిన నాలుగు పనులు.

ఒకటి. మీ ఊరి సేవాకేంద్రం ఏదో తెలుసుకోండి. కర్ణాటకలో గ్రామ వన్, తమిళనాడులో ఇ-సేవై, మహారాష్ట్రలో ఆపలే సర్కార్ కేంద్రం, ఒడిశాలో మో సేవా కేంద్రం, యానాంలో కామన్ సర్వీస్ సెంటరు, ఇలా పేర్లు వేరు, పని ఒకటే. ధరల పట్టిక అడిగి చూడండి, రసీదు తప్పక తీసుకోండి. కాగితం మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో తెలుగులో చదివి చెప్పమనండి. అలా అడగడం నామోషీ కాదు.

రెండు. ఇంట్లో చదువుకున్న పిల్లలు వారానికి ఒక అరగంట అవ్వకో అమ్మకో ఫోను వాడడం నేర్పండి. ఫోనులో భాషను తెలుగుకు మార్చి చూపండి, నోటితో మాట్లాడి వెతకడం నేర్పండి. నేర్పేటప్పుడు ఫోను వాళ్ల చేతిలో ఉంచండి, మీ చేతిలో కాదు.

మూడు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని ఇంట్లో అందరికీ అలవాటు చేయండి. మోసం జరిగితే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. చదువు తక్కువైన వారిని, భాష రానివారిని మోసగాళ్లు ముందుగా పట్టుకుంటారు.

నాలుగు. పంటకు తెగులు వస్తే పురుగుమందుల దుకాణం కంటే ముందు కిసాన్ కాల్ సెంటరును అడగండి. 2004 నుంచి పనిచేస్తున్న ఆ నంబరు 1800-180-1551. మాట్లాడడానికి ఖర్చు లేదు, స్మార్ట్ ఫోను అక్కరలేదు.

రేడియో మన పల్లెలకు వచ్చినప్పుడు పంచాయతీ ఆఫీసు ముందు ఒక్క పెట్టె ఉండేది, ఊరంతా కూర్చుని వినేది. చదువు వచ్చా రాదా అని అది ఎవరినీ అడగలేదు. మన మాటలో మాట్లాడింది, అంతే. కొత్తగా వచ్చే ఏ యంత్రాన్నైనా ఆ కొలతతోనే కొలవండి. ఊళ్లో అందరికంటె తక్కువ చదువుకున్న మనిషికి, అందరికంటె దూరంగా ఉన్న ఇంటికి, అది ఆ ఇంటి భాషలో అందుతున్నదా? అందితేనే అది చౌక. అందేదాకా అడుగుతూనే ఉందాం.